నమ్మి వినేవారి ఋణం

ప్రభుత్వ ప్రసార సంస్థలో వార్తలు చదివే మనిషి డ్యూటీ ముగించుకుని ఇంటికి చేరాక, తన ఫేస్‌బుక్ పేజీలో ఒక నాయకుణ్ణి తిట్టినా పొగిడినా ఆ సంస్థ సంజాయిషీ అడగవచ్చా? అడగవచ్చుననే భారతదేశంలోనూ, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లోనూ ఉన్న నియమాలు చెబుతున్నాయి. అయితే ఏ హక్కుతో అడుగుతున్నారు, ఆ హక్కు ఎక్కడ ఆగాలి అన్నది ఆ నియమాలు చదివినంత మాత్రాన తేలదు. అన్నం పెట్టినవాడికీ, తన మాట నమ్మి వినేవాడికీ, తన అంతరాత్మకూ మనిషి ఒకేసారి ఋణపడి ఉన్నప్పుడు ఏ ఋణం ముందు తీర్చాలన్నది ధర్మమీమాంస. సర్వీసు రూల్స్ దాని తరువాత వచ్చినవి.

నమ్మి వినడం అంటే ఏమిటో తుంగభద్ర ఒడ్డున ఉన్నవారికి బాగా తెలుసు. 2009 అక్టోబరు 2న నది పొంగి మంత్రాలయాన్ని ముంచెత్తింది. అక్కడి రాఘవేంద్రస్వామి మఠం ఆవరణ నీట మునిగింది, కర్నూలు నగరం వీధుల్లో పడవలు తిరిగాయి. 2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాల నదీతీర గ్రామాలు మళ్లీ ఉలిక్కిపడ్డాయి. ఎగువన ఎన్ని క్యూసెక్కులు వదిలారో, ఆ నీరు ఏ వేళకు తమ ఊరు చేరుతుందో గట్టు మీద నిలబడిన రైతు స్వయంగా చూసి తెలుసుకోలేడు. ఎవరో చెప్పాలి, అతను నమ్మాలి. అటువంటి రాత్రి ఫోనుకు పది కబుర్లు వస్తాయి. వాటిలో ఏది నిజమో తేల్చుకునే తీరిక ఉండదు. ప్రజాధనంతో ప్రసార సంస్థ ఒకటి ఉండవలసిన ప్రధాన కారణం అటువంటి రాత్రి నమ్మదగిన గొంతు ఒకటి వినబడాలనే. ఉద్యోగి సొంత పోస్టుల మీద ఆంక్ష పెట్టడానికి న్యాయమైన ఆధారం ఏదైనా ఉంటే అది ఈ నమ్మకంలోనే వెతకాలి.

పరుల మాటను ఎందుకు నమ్ముతాం, ఎప్పుడు నమ్మాలి అన్న చర్చ భారతీయ దర్శనాల్లో చాలా పాతది. న్యాయదర్శనం శబ్దాన్ని ప్రత్యక్షం, అనుమానం, ఉపమానాల సరసన నాలుగో ప్రమాణంగా నిలిపి, ఆప్తుడు చెప్పిన మాటే ప్రమాణం అంది. విషయాన్ని ఉన్నదున్నట్టు తెలుసుకున్నవాడు, తెలుసుకున్నది తెలుసుకున్నట్టే చెప్పాలన్న కోరిక ఉన్నవాడు ఆప్తుడు. అతను ఋషి కావచ్చు, ఆర్యుడు కావచ్చు, మ్లేచ్ఛుడు కావచ్చునని భాష్యకారుడు వాత్స్యాయనుడు వివరించాడు. పుట్టుకకు, పదవికి ఇక్కడ చోటు లేదు, చూడవలసింది మనిషిని. మధ్వ సిద్ధాంతం వేరొక దారి పట్టింది. దోషం లేని శబ్దమే ఆగమం అని ఆ సంప్రదాయానికి చెందిన జయతీర్థులు ప్రమాణపద్ధతి అనే గ్రంథంలో నిర్వచించారు. ఇక్కడ బరువు మాట మీద పడుతుంది. చెప్పినవాడి యోగ్యత మాటలో దోషం చొరబడిందా లేదా అని చూసే మేరకే అవసరం.

ఈ చర్చ మంత్రాలయానికి పరాయిది కాదు. 1671లో అక్కడ బృందావన ప్రవేశం చేసిన రాఘవేంద్రస్వామిని భక్తులు కోరికలు తీర్చే గురువుగా కొలుస్తారు. ఆయన తర్కంలోనూ మీమాంసలోనూ గొప్ప పండితుడన్న సంగతి వరుసలో నిలబడిన భక్తుల్లో చాలామందికి తెలియదు. అదే మధ్వ సంప్రదాయంలోని వ్యాసతీర్థుల తర్కతాండవమనే గ్రంథానికి ఆయన న్యాయదీపమనే వ్యాఖ్య రాశారు. తర్కతాండవంలో ముందుగా చర్చకు వచ్చేది ప్రామాణ్యవాదమే: ఒక జ్ఞానం నిజమైనదని మనకు దానంతటదే తెలుస్తుందా, బయటి సాక్ష్యంతో తెలుస్తుందా? మాధ్వుల సమాధానం ప్రకారం ప్రామాణ్యం స్వతః తెలుస్తుంది; అప్రామాణ్యం తెలియడానికే వేరే కారణం కావాలి. అంటే మనిషి సహజంగా నమ్ముతాడు. అనుమానించడానికే ఏదో ఒక దోషం కనబడాలి.

ప్రసార సంస్థ నియమానికి ఇంతకంటే మంచి తాత్విక సమర్థన దొరకడం కష్టం. శ్రోత వార్తను పరీక్షించి నమ్మడు, వినగానే నమ్ముతాడు. ఉదయం వార్తలు చదివిన గొంతే సాయంత్రం ఒక పార్టీ జెండా పట్టుకుని పోస్టు పెడితే ఉదయం చదివిన వార్త అబద్ధమైపోదు. కాని శ్రోతకు అంతవరకు లేని అనుమానానికి కారణం దొరుకుతుంది. ఎదుటి పార్టీ అభిమాని ఆ తరువాత అదే గొంతు నుంచి ఎన్నికల ఫలితం విన్నా, వరద హెచ్చరిక విన్నా ఒక క్షణం ఆగి ఆలోచిస్తాడు. ఆ ఒక క్షణం సంస్థకు నష్టమే, గట్టు మీది రైతుకు అంతకంటే పెద్ద నష్టం. తన పని చూసి తీర్పు చెప్పండి, తన ఫేస్‌బుక్ చూసి కాదు అని ఉద్యోగి చేసే వాదన మాటను మాటగా చూడమనే పక్షానిది. ఆ పక్షానికి బలం లేకపోలేదు. కాని మామూలు శ్రోత చెప్పేవాణ్ణి చూసే నైయాయికుడిగానే ఉంటాడు. మాట వినగానే మాట్లాడిందెవరని చూస్తాడు.

అయినా అదే మధ్వశాస్త్రం ఈ సమర్థనకు హద్దు కూడా గీసింది. సంశయం పుట్టేది మనస్సులో. మనస్సు పొరబడవచ్చు. నిర్ణయం చేసేది సాక్షి, అంటే ఆత్మ స్వరూపమైన చైతన్యం, అది పొరబడదు. మనస్సుకు కలిగిన ప్రతి సంశయాన్నీ సాక్షి ఒప్పుకోదు, పరీక్ష చేసిన తరువాతే నిశ్చయానికి వస్తుంది. ప్రసార సంస్థకు వచ్చే ఫిర్యాదులు మనస్సులో లేచే సంశయాల వంటివి. ఒకే మాటతో వంద ఫిర్యాదులు ఒకే గంటలో వచ్చినంత మాత్రాన సంశయం నిశ్చయం కాదు. నిజంగా దోషం ఉందా, లేక ఆ ఉద్యోగి పేరు, కులం, మతం చూసి కొందరికి కలిగిన అయిష్టమా అన్నది తేల్చకుండా చేసే శిక్షకు ప్రామాణ్యవాదంలో ఆసరా దొరకదు.

ఇక చట్టం. ప్రసారభారతి చట్టం 1990లో వచ్చింది, 1997 సెప్టెంబరు 15న అమలులోకి వచ్చింది. ఆ ఏడాది నవంబరు 23 నుంచి ఆకాశవాణి, దూరదర్శన్ ప్రసారభారతి కార్పొరేషన్ కిందికి వెళ్లాయి. చట్టంలోని 12వ సెక్షన్ సంస్థ కర్తవ్యాలు చెబుతూ, ప్రజలకు సంబంధించిన అన్ని విషయాల్లో స్వేచ్ఛగా, సత్యంగా, పక్షపాతం లేకుండా సమాచారం పొందే పౌరుల హక్కును కాపాడాలంది. భిన్నాభిప్రాయాలు కూడా వినిపించాలనీ, తనదంటూ ఏ సిద్ధాంతాన్నీ ప్రచారం చేయరాదనీ అంది. ఇక్కడ హక్కుదారు శ్రోత. సంస్థ ఆ హక్కుకు కాపలాదారు మాత్రమే.

ఉద్యోగి మీద అమలయ్యే నియమాలు మాత్రం వేరేచోట పుట్టాయి. 2007 అక్టోబరు 5 నాటికి ఉద్యోగంలో చేరినవారు, తరువాత వచ్చిన చట్ట సవరణ ప్రకారం, ప్రసారభారతిలో డిప్యుటేషన్ మీద ఉన్న ప్రభుత్వ ఉద్యోగుల కిందే లెక్క. వారికి 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది. దానిలో 5వ నియమం రాజకీయ పార్టీలతో సంబంధాన్ని, ఎన్నికల ప్రచారాన్ని నిషేధిస్తుంది. 8వ నియమం పత్రికలు, ఇతర మాధ్యమాలతో సంబంధాల గురించి. రాసినా మాట్లాడినా అవి తన సొంత అభిప్రాయాలేనని, ప్రభుత్వానివి కావని ఉద్యోగి స్పష్టం చేయాలి. 9వ నియమం అన్నిటికంటే కఠినమైనది. ప్రభుత్వ విధానాన్ని గాని చర్యను గాని ప్రతికూలంగా విమర్శించే మాట సొంత పేరుతో అన్నా, పేరు లేకుండా అన్నా తప్పే. ఈ నియమాలు రాసిన నాటికి ఫేస్‌బుక్ ఊహలో కూడా లేదు. అయినా ఉద్యోగి వాట్సాప్ స్టేటస్ దాకా వాటిని లాగడానికి కొత్త నియమం అక్కరలేకపోయింది. ఉద్యోగికి తగని ప్రవర్తన అన్న 3వ నియమంలోని మాట ఎంత దూరమైనా సాగుతుంది.

ఈ రెండు మూలాల మధ్య తేడాను గట్టిగా పట్టుకోవాలి. 12వ సెక్షన్ ఉద్యోగిని శ్రోతకు ఋణగ్రస్తుణ్ణి చేస్తుంది. 9వ నియమం ప్రభుత్వానికి ఋణగ్రస్తుణ్ణి చేస్తుంది. వార్తలు చదివే వ్యక్తి ఒక పార్టీని వెనకేసుకొచ్చి పోస్టు పెడితే రెండు ఋణాలూ ఒకేసారి చెడతాయి గనుక తేడా కనిపించదు. అదే వ్యక్తి అధికార పక్షాన్ని ఆకాశానికెత్తుతూ పోస్టు పెట్టాడనుకుంటే, శ్రోత నమ్మకం దెబ్బతింది. ప్రభుత్వాన్ని విమర్శించలేదు గనుక 9వ నియమం మాత్రం కదలదు. 5వ నియమం కదలవచ్చు, కాని దాన్ని కదిలించవలసిన అధికారికి ఆ పోస్టు తప్పుగా కనిపించాలి కదా. ఆదోని ప్రాంతంలో తాగునీరు నాలుగు రోజులకోసారి వస్తోందని ప్రసార సంస్థ ఇంజనీరింగ్ విభాగం ఉద్యోగి ఒకడు సొంత పేజీలో రాసుకున్నాడనుకుంటే, శ్రోత నమ్మకానికి ఏ హానీ జరగలేదు. కాని విమర్శ కిందికి వచ్చే ప్రమాదం ఉంది. నియమం శ్రోత కోసమా, ప్రభువు కోసమా అని తెలుసుకోవాలంటే పొగడ్త పోస్టు మీద ఏ చర్య తీసుకున్నారో చూస్తే చాలు.

ఉప్పు తిన్న విశ్వాసం గురించి తెలుగువారు మాట్లాడుకునేటప్పుడు భీష్ముడు రాక తప్పదు. నన్నయ తెలుగు చేసిన సభాపర్వంలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు భీష్ముడు ధర్మం సూక్ష్మమైనదని తప్పుకున్నాడు. కురువంశపు అన్నం ఆయన నోటిని కట్టేసిందని లోకం చెప్పుకుంది. అదే సభలో విదురుడు ఉన్నాడు. ఆయనా ఆ రాజు అన్నమే తిన్నాడు, ఆ కొలువులోనే మంత్రి. అయినా తప్పును తప్పని అన్నాడు. దుర్యోధనుడి సొంత తమ్ముడు వికర్ణుడు కూడా లేచి మాట్లాడాడు. విదురుడు మాట్లాడిన తీరు ఈ విషయంలో ముఖ్యం. ఆయన వీధిలోకి వెళ్లి రాజును తిట్టలేదు. నిండు సభలో, రాజు ఎదుటే, తన పదవి తనకిచ్చిన చోటునే నిలబడి చెప్పాడు. ఉద్యోగికి బయట నోరు కట్టాలనుకునే సంస్థ లోపల విదురుడికి ఉన్నటువంటి సభను ఇవ్వాలి. వార్తల ఎంపికలో తప్పు జరిగితే చెప్పడానికి చోటు, చెప్పినందుకు బదిలీ కాకుండా రక్షణ ఉంటే బయటి ఆంక్షకు అర్థం ఉంటుంది. లోపల సభ లేక, బయట మాట లేకపోతే సంస్థ తన ఉద్యోగులను భీష్ములుగా మారుస్తోందన్నమాట. భీష్ముడి మౌనాన్ని మహాభారతం ఎక్కడా ఆదర్శంగా చూపలేదు.

న్యాయస్థానాలు ఈ దిశగానే కొంత దూరం వచ్చాయి. ప్రభుత్వ కొలువులో చేరినంత మాత్రాన పౌరుడు ప్రాథమిక హక్కులు పోగొట్టుకోడని సుప్రీంకోర్టు 1962లో కామేశ్వర్ ప్రసాద్ కేసులో తేల్చి, ప్రదర్శనలన్నిటినీ నిషేధించిన బీహారు నియమాన్ని కొట్టివేసింది. 2020 జనవరిలో త్రిపుర హైకోర్టు ముందుకు వచ్చిన కేసు సామాజిక మాధ్యమానికి నేరుగా సంబంధించినది. ఒక ప్రభుత్వ ఉద్యోగిని రాజకీయ సభకు ప్రేక్షకురాలిగా వెళ్లింది, ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టింది. పదవీ విరమణకు కొద్ది రోజుల ముందు ఆమెను సస్పెండ్ చేశారు. సభలో పాల్గొనడం వేరు, హాజరు కావడం వేరని, ప్రవర్తనా నియమాలకు లోబడి తన నమ్మకాలను తనకు తోచినట్టు చెప్పుకునే హక్కు ఉద్యోగికి ఉందని కోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పింది. ఆమె ప్రసార సంస్థలో పనిచేసే మనిషి కాదు. ఆమె పోస్టు చూసి ఏ శ్రోతా వార్తను అనుమానించే అవకాశం లేదు. అదే మాట న్యూస్ రీడర్ అంటే ఫలితం మారవచ్చు, మారాలి కూడా.

ఎందుకు మారాలన్నదానికి అధికారి భేదం అనే పాత సూత్రం సరిపోతుంది. మన శాస్త్రాలు అందరికీ ఒకే నియమం పెట్టలేదు. రాఘవేంద్రస్వామి పూర్వాశ్రమంలో వెంకటనాథుడనే గృహస్థుగా ఉన్నంతకాలం భార్యాబిడ్డల ధర్మం ఆయనది. సుధీంద్రతీర్థుల చేతుల మీదుగా సన్యాసం తీసుకుని రాఘవేంద్రతీర్థులై పీఠం ఎక్కిన తరువాత ఆయనకు సొంత మాట అన్నది మిగలలేదు, ప్రతి మాటా పీఠం మాటే. ఆ త్యాగం ఆయన తెలిసి, తర్జనభర్జన పడి, ఒప్పుకున్నది. ఆకాశవాణిలో చేరిన మనిషి సన్యాసం పుచ్చుకోలేదు. అతనికి జీతం ఉంది, ఇల్లు ఉంది, ఓటు ఉంది. సన్యాసి నియమాన్ని గృహస్థు మీద రుద్దితే అది అధర్మమే. వార్తా విభాగంలో పనిచేసేవారికి, ఎన్నికల వేళ చర్చలు నడిపేవారికి గట్టి నియమం తగినదే. ట్రాన్స్‌మిటర్ దగ్గర రాత్రి షిఫ్టు చేసే సాంకేతిక ఉద్యోగికీ, వ్యవసాయ కార్యక్రమంలో పాడే కళాకారుడికీ అదే కొలత పెట్టడానికి కారణం కనిపించదు.

బ్రిటన్‌లో బీబీసీ ఈ పాఠాన్ని కష్టపడి నేర్చుకుంది. అప్పట్లో ఫుట్‌బాల్ కార్యక్రమం నడుపుతున్న గ్యారీ లినేకర్ 2023 మార్చిలో ప్రభుత్వ శరణార్థి విధానంలో వాడిన భాషను 1930ల జర్మనీతో పోలుస్తూ ట్వీటు పెట్టాడు. సంస్థ అతన్ని కార్యక్రమం నుంచి తప్పించింది. తోటి వ్యాఖ్యాతలు కూడా తప్పుకోవడంతో ఆ శనివారం మ్యాచ్ విశేషాలు వ్యాఖ్యానమే లేకుండా ఇరవై నిమిషాలు ప్రసారమయ్యాయి. మూడు రోజుల్లో అతన్ని వెనక్కి పిలిచారు, నియమాల మీద సమీక్ష వేశారు. ఆ సెప్టెంబరులో వచ్చిన కొత్త మార్గదర్శకాలు వార్తా సిబ్బందికి కఠినంగా, ప్రధాన కార్యక్రమాల సమర్పకులకు మధ్యస్థంగా, మిగిలినవారికి మర్యాద తప్పని స్వేచ్ఛగా అంతరాలు పెట్టాయి. అధికారి భేదం లండన్‌లో ఆ రూపంలో కనిపించింది.

నియమం ఎవరికెంత అన్నది తేలినా, ఏ మాట తప్పు అన్నది మిగిలే ఉంటుంది. భగవద్గీత పదిహేడో అధ్యాయంలో వాక్కుకు సంబంధించిన తపస్సు ప్రస్తావన ఉంది. ఎదుటివాణ్ణి క్షోభపెట్టకుండా, సత్యంగా, ప్రియంగా, హితంగా మాట్లాడటం దాని సారం. సంస్థల నియమాలు ఎక్కువగా ఈ నాలుగింటిలో మొదటిదాన్నే పట్టుకుంటాయి. ఎవరికి కోపం వచ్చిందన్నదే కొలమానం అవుతుంది. కోపం తెప్పించినా సత్యమైనదీ హితమైనదీ అయిన మాట ఉంటుంది. అలాగే సత్యమైనా హాని చేసే మాట ఉంటుంది. మహాభారతం కర్ణపర్వంలో కౌశికుడనే తపస్వి కథ దీనికోసమే వస్తుంది. అబద్ధమాడనని వ్రతం పట్టిన కౌశికుడు, దొంగలు అడిగితే, అడవిలో దాక్కున్నవారి దారి చూపించాడు. వారు హతులయ్యారు, అతను నరకానికి వెళ్లాడు. గేటు కొట్టుకుపోయిన రాత్రి అధికారిక సమాచారం రాకముందే, తనకు లోపల తెలిసిన సగం నిజాన్ని ఉద్యోగి సొంత పేజీలో పెడితే జనం తొక్కిసలాటలో పడవచ్చు. పైగా చదివేవారు ఆ సగం నిజాన్ని అతని ఉద్యోగం చూసే నమ్ముతారు. కార్యాలయ సమాచారాన్ని అనుమతి లేకుండా బయటపెట్టరాదన్న 11వ నియమానికి ఇక్కడ ధర్మబలం ఉంది. అదే నియమాన్ని అవినీతిని దాచడానికి వాడితే ఆ బలం ఉండదు.

అమలు సంగతికి వస్తే, సాధారణంగా ఒక స్క్రీన్‌షాట్‌తో కథ మొదలవుతుంది. ఎవరో ఫిర్యాదుకు జతచేసి పంపుతారు, మెమో వస్తుంది, ఉద్యోగి సంజాయిషీ ఇస్తాడు. సరిపోదనుకుంటే 1965 నాటి క్రమశిక్షణ నియమావళిలోని 16వ నియమం కింద చిన్న శిక్షల విచారణ, 14వ నియమం కింద పెద్ద శిక్షల విచారణ. శిక్ష మందలింపుతో మొదలై ఇంక్రిమెంటు, ప్రమోషన్ నిలిపివేత మీదుగా తొలగింపు దాకా పోవచ్చు. రాజ్యాంగం 311వ అధికరణం అభియోగం చెప్పకుండా, జవాబు వినకుండా ఉద్యోగం తీసేయరాదంటుంది. న్యాయం జరగాలంటే ఇందులో చూడవలసినవి కొన్ని ఉన్నాయి. పోస్టు ఎవరు పెట్టారన్నది రుజువు కావాలి; ఒకరి ఫోను మరొకరి చేతిలో ఉండే ఇళ్లు మనవి. పరుల పోస్టును పంచుకోవడం ఒప్పుకోవడమే అనుకోకూడదు. ఫిర్యాదు వచ్చాక విచారించడం వేరు, ఏమైనా దొరుకుతుందేమోనని ఉద్యోగుల పాత పేజీలు తవ్వడం వేరు. రెండోది పరీక్ష కాదు, వేట. సస్పెన్షన్ శిక్ష కాదని నియమావళి చెబుతున్నా, చుట్టుపక్కల వీధిలో అది శిక్ష కంటే ఎక్కువగా పనిచేస్తుంది. ఒక పోస్టుకు సంబంధించిన విచారణలో దాని అవసరం దాదాపు ఉండదు. ఆధారం అప్పటికే కాగితం మీద ఉంది, ఉద్యోగి దాన్ని మార్చలేడు.

పర్మనెంట్ ఉద్యోగికి కనీసం ఈ మెట్లు ఉన్నాయి. ఆకాశవాణి కేంద్రాల్లో రోజంతా వినిపించే గొంతుల్లో చాలా భాగం క్యాజువల్ అనౌన్సర్లవి. వారు సివిల్ పోస్టులో లేరు గనుక 311వ అధికరణం వారికి అందదు. వారి మీద నియమం అమలు చేయాలంటే మెమో కూడా అక్కరలేదు. వచ్చే నెల డ్యూటీ చార్టులో పేరు వేయకపోతే సరిపోతుంది. ఎందుకు వేయలేదో చెప్పవలసిన పని లేదు. ఆస్ట్రేలియాలో దీనికి దగ్గరి కేసు ఒకటి జరిగింది. 2023 డిసెంబరులో అక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థ ఏబీసీ సిడ్నీ రేడియోలో ఐదు రోజుల తాత్కాలిక పనికి వచ్చిన ఆంటోనెట్ లాటూఫ్, గాజా యుద్ధంపై హ్యూమన్ రైట్స్ వాచ్ పోస్టును తన ఇన్‌స్టాగ్రామ్‌లో పంచుకుంది. ఆ సంగతిని ఏబీసీ స్వయంగా వార్తగా ఇచ్చింది కూడా. అప్పటికే ఆమెను తీసేయమంటూ ఫిర్యాదులు వరుసగా వచ్చాయి. మూడు రోజులకే ఆమెను తప్పించారు. 2025 జూన్‌లో ఫెడరల్ కోర్టు ఆమెను తొలగించడానికి రాజకీయాభిప్రాయం ఒక కారణమని, అది చట్టవిరుద్ధమని, ఆరోపణకు జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వలేదని తేల్చి 70,000 ఆస్ట్రేలియా డాలర్ల పరిహారం ఇమ్మంది. ఆ సెప్టెంబరులో సంస్థకు 1,50,000 డాలర్ల జరిమానా కూడా వేసింది. ఐదు రోజుల పనికి వచ్చిన మనిషినైనా ఏ తప్పుకు తీస్తున్నారో చెప్పి, ఆమె మాట విని తీయాలన్న ఆ సూత్రం మన కేంద్రాల డ్యూటీ చార్టు దాకా రావాలంటే, చార్టులో పేరు ఆగిన ప్రతిసారీ కారణం రాతపూర్వకంగా ఇవ్వాలన్న ఒక్క నియమం చాలు. ఆ కారణాన్ని చదివిన శ్రోత కూడా అది తన నమ్మకం కోసం తీసుకున్న చర్యేనా అని తేల్చుకోగలుగుతాడు.